పాఠ పునశ్చరణలో రచనాక్రీడలు

పాఠం చెప్పడం ఒక ఎత్తు. చెప్పిన పాఠం విద్యార్థి మనస్సులో ఏ రూపంతో నిలిచినదో తెలిసికొనడం మరొక ఎత్తు. మొదటిదానికి మన ప్రాచ్య కళాశాలలలో పాఠ్యప్రణాళిక ఉన్నది, కాలనిర్ణయ పట్టిక ఉన్నది, ఆచార్య పరంపర ఉన్నది. రెండవదానికి పరీక్ష తప్ప వేరొక సాధనం లేదని మనం అనుకొంటున్నాము. ఆ పరీక్ష కూడ మనం చెప్పి వ్రాయించిన నోట్సును మనకే తిరిగి అప్పగించే వ్యవహారంగా మారి చాలకాలమైనది. ఈ స్థితిలో, పాఠం ముగిసిన తరువాత పది నిమిషాలపాటు ఆడించదగిన చిన్న చిన్న రచనాక్రీడలు పునశ్చరణకు ఎంతవరకు ఉపకరించునో నా తరగతి అనుభవాన్ని ఆధారం చేసికొని సహాధ్యాపకులకు విన్నవించడం ఈ వ్యాసోద్దేశం.

నన్ను ఈ ఆలోచనకు పురికొల్పిన సంఘటన చిన్నది. ఒక సంవత్సరం ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానం పాఠం ముగించి పరీక్ష పెట్టినాను. శకుంతల వాదనా పటిమను వివరింపుమన్న ప్రశ్నకు తరగతిలోని 22 మందీ చక్కగా వ్రాసినారు. సత్యమహిమ వచ్చినది, పుత్రప్రాశస్త్యం వచ్చినది, ఆకాశవాణి వచ్చినది. మార్కులు వేసి సంతోషించినాను. తరువాతి వారం ఒకనాడు గంట కొట్టడానికి ఇంకను పది నిమిషాలు మిగిలినవి. ఏమీ తోచక, "ఆనాడు దుష్యంతుని కొలువులో ఒక మూల నిలిచియున్న ద్వారపాలకుడు సాయంకాలం ఇంటికి వెళ్ళి భార్యతో ఏమి చెప్పియుండును? ఆరు వాక్యాలలో వ్రాయండి" అన్నాను. వారు వ్రాసి ఇచ్చిన కాగితాలు ఇంటికి వెళ్ళి చదివినాను. 22 మందిలో 14 మంది ద్వారపాలకులు ఉంగరం సంగతి చెప్పినారు. వారిలో ముగ్గురు దుర్వాసుని శాపాన్ని కూడ ప్రస్తావించినారు.

విజ్ఞులైన పాఠకులకు వేరుగా చెప్పవలసిన పని లేదు. ఉంగరమూ, శాపమూ కాళిదాసు నాటకంలోనివి. నన్నయగారి శకుంతలకు ఉంగరం లేదు, దుష్యంతునికి మరపు లేదు. అతడు అన్నీ తెలిసియుండి, లోకాపవాదానికి వెరచి, ఆమెను ఎరుగనన్నాడు. ఆమె చేతిలో సత్యమన్న మాట తప్ప వేరొక సాక్ష్యం లేదు. అందుచేతనే ఆ వాదనకు అంతటి బలం వచ్చినది. ఉంగరాన్ని తెచ్చి అక్కడ పెట్టిన మరుక్షణం రాజు నిర్దోషి అయిపోతాడు, శకుంతల వాదన వట్టి మొర అయిపోతుంది. అనగా, పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకొన్న నా విద్యార్థులలో 14 మందికి పాఠం అందనే లేదు. చలనచిత్రాలలో చూచిన కథయే వారి మనస్సులో కదలకుండ కూర్చున్నది. దానిపైన నా పాఠం ఒక పలుచని పూతగా మాత్రమే పడినది. పరీక్ష ఆ పూతను చూపినది. ద్వారపాలకుడు లోపలి గోడను చూపినాడు.

సృజనాత్మక రచన అనగానే మనలో కొందరికి ప్రతిభావంతుల ప్రదర్శన స్ఫురిస్తుంది. నేను చెప్పేది అది కాదు. పాఠంలోని నియమమే ఆట నియమం కావలెను. ఆ నియమం తెలిసినవాడు మాత్రమే ఆడగలగవలెను. తెలియనివాడు ఎక్కడ తెలియదో అక్కడనే తట్టుకొని పడవలెను. ఆ పడిన చోటు అధ్యాపకునికి కనబడవలెను. ఇంతకు మించి ఈ ఆటకు ప్రయోజనం నేను ఆశించడం లేదు. ఆ ఆరు వాక్యాలు అందంగా ఉన్నవా లేవా అన్నది నా విచారణలోని అంశం కాదు.

ఇది ఎక్కడనో విదేశీ బోధనాశాస్త్రంలోనుండి తెచ్చిన కొత్త పద్ధతి అని కొందరు మిత్రులు భ్రమపడినారు. మన సంప్రదాయం దీనిని ఏనాడో ఎరుగును. వాత్స్యాయనుడు లెక్కించిన 64 కళలలో ప్రహేళిక ఉన్నది, ప్రతిమాల ఉన్నది, కావ్యసమస్యాపూరణం ఉన్నది. దండి కావ్యాదర్శంలో ప్రహేళికా భేదాలను చెప్పుచు, క్రీడాగోష్ఠులలోని వినోదాన్ని వాని ప్రయోజనాలలో ఒకటిగా పేర్కొన్నాడు. అన్నింటికంటె మనకు పనికివచ్చేవాడు 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు. కవికంఠాభరణంలో అతడు శిష్యులను అల్పప్రయత్నసాధ్యులని, కృచ్ఛ్రసాధ్యులని, అసాధ్యులని మూడు తెగలుగా విభజించినాడు. వ్యాకరణంతో చెడినవారిని, తర్కంతో కాలినవారిని అసాధ్యులలో చేర్చినాడు. వ్యాకరణ శాఖలోని మిత్రులు క్షమింపవలెను, మాట నాది కాదు. అభ్యాసక్రమంలో అతడు సూచించిన ఒక సాధన ఏమనగా, మొదట అర్థంతో పని లేకుండ పదాలను కూర్చి వృత్తాన్ని నింపడం. మరొకటి, పరుల శ్లోకంలో పదాలను మార్చి చూడడం. ఇవి రెండూ ఈనాటి తరగతి గదికి అచ్చముగా సరిపోయే ఆటలు.

ఛందస్సు విషయమే తీసికొందాము. గణాలు వల్లెవేసిన విద్యార్థి, ఇచ్చిన పద్యానికి గణవిభజన చేయగల విద్యార్థి, స్వయంగా ఒక పాదం కట్టుమంటే బిగుసుకొనిపోతాడు. కారణం స్పష్టం. అర్థం, గణం, యతి, ప్రాస, శైలి అన్నీ ఒకేసారి మీద పడినవి. క్షేమేంద్రుడు అర్థాన్ని కొంతసేపు ప్రక్కకు తప్పించినాడు. ఆటవెలది పాఠం తరువాత నేను ఇచ్చిన ఆట, కూరగాయల పేర్లతో రెండు పాదాలు కూర్చుమని. వంకాయ తగణమా కాదా అని తరగతి అంతా వ్రేళ్ళు లెక్కించినది. బెండకాయ అన్న ఒక్క మాటలో రెండు సూర్యగణాలు ఉన్నవని కనిపెట్టి ఒకరు కేక వేసినారు. కాకర, గుమ్మడి, చిక్కుడు భగణాలు కాబట్టి రెండవ పాదంలో వానికి చోటు లేదని మరొకరు వాదించినారు. ఒక చీటీలో వచ్చిన రెండు పాదాలు ఇవి:

దోసకాయ దొండ తోటకూరయు నిమ్మ
బెండకాయ ములగ బీరకాయ

ఇది కవిత్వం కాదు, సంతకు వెళ్ళేవారి జాబితా. కాని మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు సరిగా పడినవి. తోటకూర అన్న మాట రగణం దగ్గర తెగి, మిగిలిన రకారం తరువాతి సలములోనికి జారినది. గణం మాటతో ముగియనక్కరలేదన్న సంగతి నేను ఎన్ని పర్యాయాలు చెప్పినా పట్టుబడనిది, ఈ తోటకూరతో పట్టుబడినది. యతి చూడండి. దోకు తో సరిపోయినది. రెండవ పాదంలో బెకు బీ సరిపోయినది. ఎకారానికి ఈకారంతో మైత్రి ఎట్లని వెనుక బల్లలోనుండి ప్రశ్న వచ్చినది. ఆ ప్రశ్న కోసమే నేను అంతకు ముందు ఒక గంటసేపు స్వరయతి చెప్పినాను. అప్పుడెవరూ అడుగలేదు.

పదాన్ని మార్చే ఆట నిఘంటు పాఠానికి మంచిది. చదివిన పద్యంలో పద్మము అన్న చోట తామర పెట్టుమంటాను. రెండూ భగణాలే, నడక చెడదు. కాని ఆ మాట యతిస్థానంలో ఉన్నదా, యతి పోతుంది. కమలము, నలినము, జలజము పెట్టితే నలము వచ్చి కూర్చుంటుంది. ఇంద్రగణం కావలసిన చోట అది ఒప్పునే కాని వృత్తంలో ఒప్పదు. పర్యాయపదాలు ఒకదానికొకటి సమానాలు కావన్న విషయం ఇంతకంటె తేలికగా బోధపరచే మార్గం నాకు తెలియదు.

అలంకారశాస్త్రంలో మన విద్యార్థుల వ్యాధి వేరు. చంద్రాలోకంలో ఒకే శ్లోకంలో లక్షణమూ లక్ష్యమూ ఇమిడియుండడం ధారణకు గొప్ప సౌకర్యమే. కాని ముఖమూ చంద్రుడూ కనబడితే తప్ప ఉపమను గుర్తించలేని స్థితికి కూడ ఆ సౌకర్యమే దారితీసినది. అందుచేత ముఖాన్ని, చంద్రుని, పద్మాన్ని నిషేధించి, రైలును, కొండచిలువను ఇచ్చినాను. రైలు కొండచిలువవలె మెలికలు తిరుగుచు వచ్చినదన్నచో పూర్ణోపమ. మెలికలు తిరుగుచు అన్నది తీసివేసినచో ధర్మలుప్త. రైలు అనెడు కొండచిలువ స్టేషనులోనికి ప్రాకినదన్నచో రూపకం. ఇది రైలా, కొండచిలువా అన్నచో సందేహం. కొండచిలువ అనుకొని పట్టాల ప్రక్కనున్న మేకలు పరుగెత్తినవన్నచో భ్రాంతిమంతం. రైలు మాటయే ఎత్తకుండ, కొండచిలువ వందలమందిని మింగి తెల్లవారేసరికి పట్నంలో కక్కినదన్నచో రూపకాతిశయోక్తి. ఒకే వస్తుద్వయం చీటీ చేతులు మారినకొలది అలంకారం మారుచు పోవలెను. ఒక విద్యార్థి, ఇది రైలు కాదు, కొండచిలువయే, కాకున్న టిక్కెట్టు లేనివారిని కూడ ఎట్లు మింగినది అని వ్రాసినాడు. అతడు అపహ్నవం మాత్రమే వ్రాయబూనినాడు. హేతువు చెప్పినందున హేత్వపహ్నుతి అయినది. ఆ భేదం పాఠ్యాంశంలో లేదు. కువలయానందం తెరచి చూపవలసి వచ్చినది.

సంస్కృత శాఖవారికి ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు సాగుతాను. లిట్ లకారం పరోక్షభూతంలో వచ్చునని అందరూ అప్పగిస్తారు. తన క్రియ తనకే పరోక్షం ఎట్లగునన్న శంక వచ్చి, ఉత్తమపురుషలో లిట్టు నిద్రలోనో, మత్తులోనో చేసిన పనులకు చెల్లునన్న సమాధానం శాస్త్రంలో ఉన్నది. కనుక ఆట ఏమనగా, నిన్న రాత్రి నిద్రలో నేను చేసిన మూడు పనులు, లిట్టులో. విద్యార్థులు నవ్వుచు వ్రాస్తారు. పరోక్షత్వం అన్న పారిభాషిక పదం ఆ నవ్వుతో అర్థవంతమవుతుంది. అచ్చతెలుగు ఆట కూడ ఇట్టిదే. వార్తాపత్రికలోని ఒక వాక్యాన్ని తత్సమాలు లేకుండ తిరిగి వ్రాయుమంటే పుస్తకం పొత్తమవుతుంది, విద్య విద్దె అవుతుంది, బస్సు దగ్గర మాత్రం తరగతి ఆగిపోతుంది. అన్యదేశ్యం పాఠం అక్కడ మొదలవుతుంది.

ఇక నాకు అత్యంత ప్రీతిపాత్రమైన ఆట నిరోష్ఠ్యం. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు పెదవి గాయపడినందున ఓష్ఠ్యాక్షరాలు లేకుండ తన కథ చెప్పినాడు. మన మరింగంటి సింగరాచార్యులు దశరథరాజనందన చరిత్రను నిరోష్ఠ్యంగా రచించినాడు. ఇంతటి మహాకార్యాన్ని నేను ఒక్క వాక్యానికి కుదించినాను. వర్ణోత్పత్తి స్థానాలు చెప్పిన నాడు, పెదవులు కలియకుండ ఒక వాక్యం వ్రాయండి అన్నాను. పవర్గం కూడదు, ఉ ఊలు కూడవు, ఒ ఓ ఔలు కంఠోష్ఠ్యాలు కనుక కూడవు, వకారం దంతోష్ఠ్యం కనుక కూడదు. స్థానాల పునశ్చరణకు ఇది చాలునని నా ఊహ. కాని ఆట నేను అనుకొన్న చోట ఆగలేదు.

మొదట విభక్తులు వచ్చి అడ్డుపడినవి. ప్రథమా విభక్తి ప్రత్యయాలు డు, ము, వు, లు నాలుగూ ఉకారాంతాలే. అన్నీ పోయినవి. రాముడు పోయినాడు, వనము పోయినది, బహువచనం మొత్తం పోయినది. తృతీయలో చేత మిగిలినది, తోడ, తో పోయినవి. పంచమిలో వలన, పట్టి పోయి కంటె ఒక్కటి నిలిచినది. షష్ఠిలో కి ఉండి కు పోయినది. పట్టికలో ఏది ఉన్నది, ఏది లేదు అని విద్యార్థులు తమంతట తామే విభక్తి ప్రత్యయాలను ఒకటికి నాలుగుసార్లు చదువుకొన్నారు. నేను చదువుమనలేదు.

తరువాత వచ్చిన చీటీలను వరుసగా చదువుచుండగా ఒక వింత కనబడినది. అన్నింటిలో కర్త స్త్రీయే. సీత, గంగ, తల్లి, అక్క. "సీత ఇంకా ఇంటికి రాలేదని తల్లి ఏడ్చింది" అన్నది వానిలో ఒకటి. పురుషులందరూ ఎక్కడికి పోయినారని అడిగినాను. కొంతసేపటికి సమాధానం తేలినది. తండ్రి, అన్న వంటి మాటలలో ఓష్ఠ్యాలు లేవు, అవి రావచ్చును. కాని వాడుక భాషలో మహద్వాచకానికి ఏకవచన క్రియ డుకారంతో ముగియును. ఏడ్చినాడు అనరాదు. మహతీ, అమహత్తులకు ఏడ్చింది, కాలింది అన్నట్లు దికారం ఉన్నది, అది నిరపాయం. మహదమహద్భేదాన్ని నేను ఆ తరగతిలో అంతకు ముందు నెల బోధించినాను. ఆనాడు అది పట్టిక. ఈనాడు ఇంటిలోనికి పురుషుని రానీయని తలుపు.

ఆ తలుపును తెరచినది ఒక విద్యార్థి. "కావ్యభాషలో తండ్రి ఏడ్చెన్ అనవచ్చును కదా గురువుగారూ, ద్రుతాన్ని నకారపు పొల్లుగా నిలిపితే ఉకారం లేదు కదా" అన్నాడు. ద్రుతప్రకృతికాలు ఆ తరగతికి ఎంత భయంకరమైన పాఠమో ఆ పాఠం చెప్పేవారందరికీ తెలియును. స్థానాలతో మొదలైన పది నిమిషాలు విభక్తులు, మహదమహత్తులు, ద్రుతం మీదుగా నడచి గంట కొట్టిన తరువాత కూడ ఆగలేదు. నేను వేసిన ప్రణాళికలో ఇందులో మూడు వంతులు లేవు.

ఇంతవరకు చదివినవారు ఇది అంతా సులభసాధ్యమని అనుకొనగలరు. నేను చేసిన తప్పులు కూడ చెప్పవలెను. మొదటి సంవత్సరం దీనిని అవధానంగా నిర్వహించినాను. తిరుపతి వేంకట కవులు ఊరూరా, సంస్థానాలలోనూ వెలిగించిన ఆ విద్యపై నాకున్న మమకారం అందుకు కారణం. తరగతిలో మెరికవంటి విద్యార్థిని అవధానిగా కూర్చుండబెట్టి, ఎనిమిదిమందిని పృచ్ఛకులను చేసి, మిగిలినవారిని సభ్యులను చేసినాను. చప్పట్లు బాగుగా మ్రోగినవి. నెల గడచిన తరువాత చూస్తే, అవధానికి అంతకు ముందే అన్నీ వచ్చును, సభ్యులకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. అవధానం గొప్ప విద్య. కాని వేదికమీద ఒకడు చేస్తుంటే తక్కినవారు చూచేది పునశ్చరణ కాజాలదు. ఆ కారణంచేతనే, పెద్దలు కోపగింపకుందురు గాక, సమస్యాపూరణం తరగతి పునశ్చరణకు అంతగా పనికిరాదని నా అభిప్రాయం. సమస్యలో కిటుకు ఒకటి ఉండును. అది తట్టినవానికి నిమిషంలో తట్టును, తట్టనివాడు చివరివరకు కలము పట్టుకొని కూర్చుండును. తట్టకపోవడంవలన వానికి ఏ పాఠం రాదో నాకు తెలియదు. నిషిద్ధాక్షరి, దత్తపది అట్లు కావు. వానిలో ప్రతి అడుగులోను ఒక చిన్న నిర్ణయం ఉన్నది. ఎక్కడ ఆగినాడో కాగితంమీద కనబడుతుంది.

రెండవ తప్పు ఇంకను పెద్దది. ఒకనాడు యతి తప్పిన ఒక చీటీని పేరుతో సహా చదివి, పరిహాసంగా ఒక మాట అన్నాను. అందరూ నవ్వినారు. వ్రాసినవాడూ నవ్వినాడు. ఆ తరువాత సంవత్సరాంతం వరకు అతని కాగితం తెల్లగానే వచ్చినది. నాకు ఆ విషయం స్పష్టంగా తెలియడానికి రెండు నెలలు పట్టినది, సరిదిద్దడానికి ప్రయత్నించినాను కాని కుదరలేదు. అతడు నేడు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. ఛందస్సు చెప్పవలసి వచ్చినప్పుడు ఆ నవ్వు గుర్తుకు వచ్చునేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. నాటినుండి చీటీలపై పేర్లు లేవు, మార్కులు లేవు. నేను కూడ వారితోపాటు ఒక చీటీ వ్రాసి ఆ కుప్పలో వేస్తాను. నా చీటీలో తప్పు దొరికిన దినం తరగతికి పండుగ. ఆ పండుగలు నేను ఒప్పుకొనదగినన్నిటికంటె ఎక్కువే వచ్చినవి.

ఆక్షేపణలు రెండు వినబడుచున్నవి. ఒక పెద్దలు, "శాస్త్రం ఆటబొమ్మ కాదండీ" అన్నారు. ధారణ లేనిదే శాస్త్రం లేదన్నది వారి భావం. అందులో సత్యం ఉన్నది. గణాలు కంఠస్థం కాకముందే నేను ఒకసారి ఆట ఆడించి చూచినాను. విద్యార్థులు నినాదాలవంటివి వ్రాసి ఇచ్చినారు, దానివలన ఏ ప్రయోజనమూ కలుగలేదు. వల్లెవేయడం ముందు, ఆట తరువాత. ఈ క్రమం తప్పరాదు. కాని ఆ పెద్దలతో నాకు ఏకీభావం అక్కడివరకే. వల్లెవేసినది నోటిలోనే ఉన్నదా, లోపలికి దిగినదా అని తెలిసికొనడానికి వారి దగ్గర మరల వల్లెవేయించడం తప్ప ఉపాయం లేదు.

రెండవ ఆక్షేపణ, ప్రతిభ లేనివారిచేత పద్యాలు కట్టించి లోకంమీదికి కుకవులను వదలవద్దని. దండి కావ్యహేతువులలో సహజప్రతిభను మొదట చెప్పియు, అది లేనివానిని సైతం శాస్త్రపరిచయంతో, ప్రయత్నంతో వాగ్దేవి కొంత అనుగ్రహించునని చెప్పి ఆశ కల్పించినాడు. నాకు అంత ఆశ కూడ అక్కరలేదు. కూరగాయల ఆటవెలది వ్రాసినవాడు కవి కానక్కరలేదు. మన విద్యార్థులు నాటి విద్వాన్, భాషాప్రవీణల కాలంలోను, పట్టాల పేర్లు మారిన తరువాతను, ఎక్కువమంది పోయేది ఉన్నత పాఠశాలలకే. అక్కడ గణవిభజన, అలంకారాలు పిల్లలకు చెప్పవలసినది వీరే. మనం ఇచ్చిన నోట్సును వీరు, వీరిచ్చిన నోట్సును ఆ పిల్లలు మోసికొనిపోయే పక్షంలో, రెండు తరాలు గడచేసరికి ఆటవెలది అంటే ఐదు గీతలు, కొన్ని గుర్తులు మాత్రమే మిగులును. ప్రాచ్య కళాశాలలలో విద్యార్థుల సంఖ్య తగ్గుచున్నదని మనం సభలలో విచారిస్తున్నాము. ఉన్నవారికి ఏమి అందుచున్నదన్న విచారం అంతకంటె ముందు కలుగవలెనని నా మనవి.

కాలం లేదన్న మాటకు నా సమాధానం చిన్నది. వారానికి రెండు పర్యాయాలు, పర్యాయానికి పది నిమిషాలు. ఒక్కొక్క ఆటకు ఒక్క నియమం. రెండు నియమాలు కలిపి ఇచ్చినచో ఏది తప్పినదో తెలియదు. చీటీలను ఆనాడే చదివి, మరునాడు మొదటి ఐదు నిమిషాలలో తప్పుల దగ్గర ఆగవలెను. ఇది చేయనిచో ఆట ఆడించడం మానుకొనడమే మేలు. మొన్న మొన్నటివరకు నేను కూడ చీటీలను బల్ల సొరుగులో పడవేసి మరచిపోయిన వారాలు ఉన్నవి. ఆ వారాలలో వారు వినోదించినారు, నేర్చుకొన్నది లేదు.

చివరిగా, నేను సమాధానం చెప్పలేకపోయిన ఒక చీటీని పాఠకుల పరిశీలనకు పంపుచున్నాను. నిరోష్ఠ్యం ఆటలో ఒక విద్యార్థిని "సీత గ్రంథం తెచ్చింది" అని వ్రాసినది. గ్రంథము అన్నచో ముకారం దోషం కనుక, వాడుక రూపాన్ని ఎన్నుకొన్నది. కాగితంమీద ఒక్క ఓష్ఠ్యాక్షరం లేదు. నేను సరే అన్నాను. ఆమెయే లేచి, "గురువుగారూ, పైకి చదివి చూడండి, గ్రంథం అన్న చోట చివర పెదవులు కలుస్తున్నాయి" అన్నది. చదివి చూచినాను. కలిసినవి. మొదటి సున్న థకారానికి ముందుండి దంతాల దగ్గర పలుకుతున్నది, చివరి సున్న పెదవులమీద పలుకుతున్నది. లిపిని ప్రమాణంగా గ్రహించినచో వాక్యం నిర్దుష్టం. ఉచ్చారణను గ్రహించినచో దుష్టం. స్థానమన్నది ధ్వనికి సంబంధించినది కనుక రెండవ పక్షమే న్యాయమని నాకు తోచుచున్నది, కాని అప్పుడు వాడుక భాషలో పదాంతమందలి సున్నలన్నీ నిషిద్ధాలు కావలసివచ్చును. పృచ్ఛకులుగా కూర్చున్న అనుభవం గల పెద్దలు, ధ్వనిశాస్త్రం బోధించే మిత్రులు దీనిపై తమ నిర్ణయాన్ని తెలుపవలసినదిగా కోరుచున్నాను. ఆ అమ్మాయికి ఇంకను సమాధానం చెప్పవలసియున్నది.